తీరని పాయసం బాకీ

కేరళలోని అంబలప్పుళ గుడిలో రోజూ మధ్యాహ్నం కృష్ణుడికి పాలపాయసం నివేదిస్తారు. దాని వెనక ఒక చదరంగం ఆట ఉంది. ఆటలో ఓడిన రాజు పడిన బాకీ ఇరవై అంకెల సంఖ్య. ఊరి కథా ఆ సంఖ్య కథా వేర్వేరుగా చెప్పుకోలేం.

పాలు, నీళ్లు, బియ్యం, చక్కెర. అంబలప్పుళ పాయసంలో పడేవి ఈ నాలుగే. జీడిపప్పు వేయించి వెయ్యరు, కిస్‌మిస్ చల్లరు, యాలకుల పొడి దులపరు. పెద్ద గంగాళంలో గంటల తరబడి సన్నటి సెగ మీద కాగి కాగి, పాలు చిక్కబడి, తెలుపు పోయి లేత గులాబీ ఛాయకు వచ్చేదాకా వండుతారు. పండగకో పుట్టినరోజుకో పరమాన్నం వండుకునే మనకు, ఆ నాలుగు సరుకులతో ఇంత రుచి ఎలా వస్తుందో ఒక పట్టాన అర్థం కాదు.

ఊళ్లో ఎవరిని కదిపినా చెప్పే కథ ఒకటుంది. పూర్వం ఇక్కడి రాజుకు చదరంగం పిచ్చి. ఎవరొచ్చినా బల్ల పరిచి ఆటకు పిలిచేవాడు. ఒకనాడు ఓ ముసలి సాధువు వచ్చాడు. ‘గెలిస్తే ఏం కావాలో కోరుకో’ అన్నాడు రాజు. ‘నాకేం కావాలి నాయనా, నాలుగు బియ్యపు గింజలు ఇప్పించు చాలు. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో దానికి నాలుగు, నాలుగో దానికి ఎనిమిది. అలా గడిగడికీ రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గళ్లూ నింపు’ అన్నాడు సాధువు. రాజు నవ్వాడు. ఆడాడు, ఓడాడు. బియ్యం తెమ్మన్నాడు. గళ్లు నిండేకొద్దీ గాదెలు ఖాళీ అయ్యాయి. సగం బల్ల దాటాక రాజు ముఖంలో నవ్వు మాయమైంది. అప్పుడు సాధువు కృష్ణుడిగా కనిపించి, ‘ఒక్కసారిగా తీర్చలేవులే. రోజూ నా గుడికి వచ్చినవాళ్లకు పాయసం పెట్టు, బాకీ తీరేదాకా’ అన్నాడట.

కథలో దేవుడు ఉదారుడు. సంఖ్య మాత్రం గింజ కూడా తగ్గలేదు.

ఊరు ఇదీ

అంబలప్పుళ అలప్పుళ జిల్లాలో ఉంది. మనవాళ్లు పడవ ఇళ్ల కోసం వెళ్లే అలెప్పీ (అలప్పుళ) పట్టణం నుంచి జాతీయ రహదారి మీద దక్షిణంగా పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. పడమటి వైపు అరేబియా సముద్రం, తూర్పున నీళ్లలో తేలుతున్నట్టుండే కుట్టనాడు పొలాలు. ఈ రెంటికీ నడుమ సన్నటి నేలపట్టీ మీద కొబ్బరిచెట్ల మధ్య గుడి, గుడి పక్కన కోనేరు. గర్భగుడిలో ఉన్నది పార్థసారథి. ఒక చేత కొరడా, ఒక చేత శంఖం. తేరు తోలే కృష్ణుడన్నమాట.

ఒకప్పుడిది చెంబకశ్శేరి అనే చిన్న రాజ్యానికి ముఖ్యపట్టణం. పాలకులు బ్రాహ్మణులు, దేవనారాయణులని బిరుదు. తిరువితాంకూరు రాజు మార్తాండవర్మ 1746లో ఈ రాజ్యాన్ని తన ఏలుబడిలో కలుపుకున్నాడు. రాజ్యం చిన్నదే గానీ కొలువు పెద్దది. ‘నారాయణీయం’ రాసిన మేల్పత్తూర్ నారాయణ భట్టతిరికి దేవనారాయణుడు ఆశ్రయమిచ్చాడు. ఆ రాజు కోరికమీదే భట్టతిరి ‘ప్రక్రియాసర్వస్వం’ అనే వ్యాకరణ గ్రంథం రాశాడు. పద్దెనిమిదో శతాబ్దిలో కుంచన్ నంబియార్ ఓట్టన్‌తుళ్లల్ అనే ఆటపాట ప్రక్రియను ఈ గుడిలోనే మొదలుపెట్టాడని చెబుతారు. చాక్యార్ కూత్తు అనే ప్రదర్శనకు మిళావు వాద్యం వాయిస్తూ కునుకు తీసిన నంబియార్‌ను చాక్యార్ నలుగురిలో ఎగతాళి చేశాడట. మర్నాడు నంబియార్ అదే ఆవరణలో కొత్త వేషం కట్టి, జనానికి అర్థమయ్యే మలయాళంలో పాడుతూ ఆడేసరికి చాక్యార్ ముందు కూర్చున్నవాళ్లంతా ఇటు వచ్చేశారంటారు. టిప్పు సుల్తాను దండయాత్ర రోజుల్లో గురువాయూరు విగ్రహాన్ని కాపాడడానికి ఈ ఊరికే తెచ్చి దాచారు. ఇక్కడి పాయసం రుచి మరిగి, గురువాయూరప్పన్ నేటికీ పాయసం వేళకు ఇక్కడికి వచ్చి వెళతాడని భక్తుల నమ్మకం.

పక్కనే ఉన్న తకళి, జ్ఞానపీఠం అందుకున్న నవలాకారుడు తకళి శివశంకర పిళ్లై ఊరు. ఆయన రాసిన రైతులూ కూలీలూ ఈ కుట్టనాడు మనుషులే. కుట్టనాడులో వరి పండే నేల సముద్ర మట్టానికి ఒకటి నుంచి మూడు మీటర్లు దిగువన ఉంటుంది. గట్లు కట్టి, నీళ్లు తోడి, ఆ అడుగున నాట్లు వేస్తారు. ఇలా సముద్రం కన్నా లోతున సాగుచేసే పద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వ సంపదల్లో ఒకటిగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో గుర్తించింది.

బియ్యపు గింజ విలువ తెలిసిన నేల ఇది. పాయసానికి ఇక్కడ చెప్పే మరో కథ కూడా బియ్యపు బాకీదే. ఒక రాజు ఓ బ్రాహ్మణుడి దగ్గర వడ్లు అప్పు తెచ్చి తీర్చలేకపోయాడట. అతను గట్టిగా నిలదీసేసరికి మంత్రి ఊరూరా తిరిగి వడ్లు పోగుచేసి గుడి ముందు రాశి పోయించి, ‘మధ్యాహ్న పూజ లోపల ఎత్తుకుపో’ అన్నాడు. మొయ్యడానికి పడవ దొరక్క, ఆ వడ్లను దేవుడి పాయసానికే రాసిచ్చాడట అప్పిచ్చినవాడు. రెండు కథల్లోనూ చిక్కు ఒకటే. బియ్యాన్ని నోటితో లెక్క చెప్పడం తేలిక, ఎత్తి చూపడం కష్టం.

వరుస వరుసకీ

సాధువు అడిగిందెంతో బల్ల ముందు కూర్చుని మనమే కొలుద్దాం. సన్నబియ్యం గ్రాముకు ఇంకా ఎక్కువే పడతాయి గానీ, లెక్క సులువు కోసం గ్రాముకు నలభై గింజలు అనుకుందాం. అలాగైతే పాతిక కిలోల బస్తాకు పది లక్షల గింజలు.

మొదటి వరుసలో ఎనిమిది గళ్లు. మొత్తం 255 గింజలు. ఆరు గ్రాములు, అరచేతిలో మధ్య గుంట కూడా నిండదు. రెండో వరుస అయ్యేసరికి 65,535 గింజలు. కిలోన్నర పైచిలుకు, ఒక ఇంటికి ఒక రోజు వంట. మూడో వరుసకి 1,67,77,215. పదిహేడు బస్తాలు. ఇంతవరకూ ఏ రైతు అయినా నవ్వుతూ ఇస్తాడు. నాలుగో వరుసకి 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 గింజలు. నూట ఏడు టన్నులు, పది లారీలు. బల్ల సగమే నిండింది, రాజు ఇంకా రాజుగానే ఉన్నాడు.

ఐదో వరుస దాటితే ఇరవై ఏడు వేల టన్నులు, దాదాపు పది గూడ్సు రైళ్లు. ఆరో వరుసకి 70 లక్షల టన్నులు. వరి బాగా పండించే పెద్ద రాష్ట్రం ఏడాది పంట పోయాలి. ఏడో వరుసకి 180 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఏటా పండించే బియ్యం 50 కోట్ల టన్నులు దాటి కొంచెం. అంటే మూడేళ్లకు పైగా భూమ్మీద ఎవరూ ముద్ద తినకుండా మొత్తం తెచ్చి ఇక్కడ పోయాలి. ఇక ఎనిమిదో వరుస. 46 వేల కోట్ల టన్నులు. ఇప్పటి ప్రపంచ పంట ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లపాటు అలాగే వస్తే సరిపోతుంది.

వరుస మారినప్పుడల్లా రాశి 256 రెట్లకు పైగా పెరుగుతోంది. మొదటి వరుస నుంచి రెండో వరుసకూ అంతే, ఏడో దాన్నుంచి ఎనిమిదో దానికీ అంతే. మొదట్లో గ్రాముల మీద 256 రెట్లు కాబట్టి కంటికి ఆనలేదు. రాజు మోసపోయింది అక్కడే.

ఆ బియ్యాన్ని కేరళ అంతటా సమానంగా పరిస్తే పదిహేను మీటర్ల ఎత్తు వస్తుంది, నాలుగంతస్తుల మేడ మునుగుతుంది. దేశమంతా పరిస్తే చీలమండ దాటి వస్తుంది. ప్రపంచంలోని ఎనిమిది వందల కోట్ల మందికీ పంచిపెడితే తలకు 2,300 బస్తాలు. మనిషి నెలకో బస్తా తిన్నా రెండు వందల ఏళ్ల దాకా కొనే పని లేదు.

సంఖ్య ముఖం

ఆ మొత్తం ఇదీ: 1,84,46,74,40,73,70,95,51,615.

నోటితో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు, ఆ పైన ఇంకా చాలా. అరవై నాలుగు గళ్లనూ కూర్చుని కూడక్కర్లేదు, చిన్న కిటుకు ఉంది. ఏ గడి తీసుకున్నా, అందులోని గింజలు దాని వెనకున్న గళ్లన్నీ కలిపినదాని కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. నాలుగో గడిలో ఎనిమిది, మొదటి మూడింటిలో కలిపి ఏడు. ఐదో గడిలో పదహారు, మొదటి నాలుగింటిలో పదిహేను. కాబట్టి అరవై ఐదో గడి అంటూ ఒకటి ఉంటే అందులో ఎన్ని గింజలు పడేవో, అందులోంచి ఒక్క గింజ తీసేస్తే బల్ల మొత్తం లెక్క వచ్చేస్తుంది.

ఆ అరవై ఐదో గడి లెక్కకు అరవై నాలుగు గుణకారాలు అక్కర్లేదు, ఆరు చాలు. రెండుని దానితోనే గుణిస్తే 4. నాలుగుని దానితో గుణిస్తే 16. తర్వాత 256, తర్వాత 65,536, తర్వాత 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. దాన్నీ దానితోనే ఒక్కసారి గుణిస్తే అయిపోయింది. రెట్టింపు, వర్గం అనే రెండు పనులతో పెద్ద ఘాతాన్ని చిటికెలో తెచ్చే ఈ ఉపాయం పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఉంది. ఆయనకు కావలసింది బియ్యం కాదు. ఒక పాదంలో ఇన్ని అక్షరాలుంటే గురువు, లఘువు కలయికలతో ఎన్ని వృత్తాలు పుడతాయో లెక్కపెట్టాలి. అక్షరం పెరిగినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపు. ఆరు అక్షరాల పాదానికి 64 వృత్తాలు, చదరంగం గళ్లన్ని. ఇరవై అక్షరాల ఉత్పలమాల అదే పొడవున్న 10,48,576 వృత్తాల్లో ఒకటి.

ఇందులో మరో వింత కనిపిస్తుంది. పదహారు నుంచి ప్రతి మెట్టులోనూ చివరి అంకె ఆరే. ఆరుతో ముగిసే సంఖ్యను దానితోనే గుణిస్తే చివర మళ్లీ ఆరే వస్తుంది కాబట్టి, ఒకటి తీసేసిన బాకీ సంఖ్య చివర ఐదు తప్ప మరొకటి రాదు. అంకెలన్నీ కూడితే 87. కాబట్టి మూడుతో భాగం పోతుంది, తొమ్మిదితో పోదు. పందెం బియ్యాన్ని ముగ్గురు అన్నదమ్ములు గింజ మిగలకుండా పంచుకోవచ్చు. తొమ్మిది మంది అయితే ఆరు గింజల దగ్గర తగువు వస్తుంది.

పద్యంలో దాగిన అంకెలు

ఈ సంఖ్యను తెలుగువాళ్లు ఎప్పుడో పద్యంలో కట్టి పెట్టుకున్నారు. పావులూరి మల్లన పేరు విన్నారు కదా. తొమ్మిదో శతాబ్దికి చెందిన జైన గణితవేత్త మహావీరాచార్యుల ‘గణితసారసంగ్రహం’ను తెనిగించిన కవి. లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో చెప్పిన తొలి తెలుగువాడు. ఆయన పేరుమీద ప్రచారంలో ఉన్న ఒక చంపకమాల చదరంగం గళ్ల మొత్తాన్ని ఇరవై అంకెలతో సహా చెప్పేస్తుంది. అందులో అంకెలు చాలావరకు అంకెల్లా కనిపించవు. చంద్రుడు ఒకడే కాబట్టి చంద్రుడంటే 1. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి బాణమంటే 5. సముద్రాలు నాలుగని ఒక లెక్క కాబట్టి సముద్రం 4, వేదం కూడా 4. దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది కాబట్టి ఏనుగు 8. ఏమీ లేని ఆకాశం సున్నా. కొండ 7, నిప్పు 3, శరీర రంధ్రాలు 9. దీన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. పద్యంలోని మాటల్ని అంకెలుగా మార్చి కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. బాణం దగ్గర మొదలయ్యే పద్యం చంద్రుడి దగ్గర ఆగేసరికి పైన రాసిన సంఖ్య పొల్లు పోకుండా తయారవుతుంది.

ఎందుకింత తంటా అంటే, తాటాకు మీద అంకె చెరిగిపోతే పట్టుకునేవాడు లేడు. పద్యంలో మాట మారితే గణం తప్పుతుంది, చెవి పట్టేస్తుంది. నేర్చుకునే పిల్లవాడికి ఇరవై అంకెలు గుర్తుండవు, చంపకమాల నడక గుర్తుంటుంది.

అంబలప్పుళ కొలువులో ఉన్న మేల్పత్తూర్ భట్టతిరిదీ ఇదే దారి. ఆయన వాడింది కటపయాది పద్ధతి. అందులో ఒక్కో హల్లుకూ ఒక్కో అంకె. ‘నారాయణీయం’ చివరి మాటను అలా విప్పితే 1712210 వస్తుంది. కలియుగం మొదలయ్యాక అన్నో రోజున కావ్యం పూర్తయిందని అర్థం. ఈ గుడి రాజుల ఆశ్రితుడూ మన లెక్కల కవీ ఎన్నడూ కలుసుకోలేదు, కాలాలే వేరు. అయినా అంకెల్ని మాటల్లో దాచే విద్యలో ఇద్దరూ ఒక బడివాళ్లే.

చదరంగం లెక్క మన దగ్గరే ఆగలేదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన కాలగణన గ్రంథంలో ఈ ఇరవై అంకెల్నీ సరిగ్గా లెక్కకట్టి రాశాడు. పదమూడో శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్, సిస్సా అనే పండితుడు హిందూ దేశపు రాజును ఇదే వరం అడిగినట్టు కథ చెప్పాడు. అక్కడ గోధుమలు, ఇక్కడ బియ్యం. ఎవరు తినేది వాళ్లు గళ్లలో పోశారు. సంఖ్య ఒకటే.

గింజను చీల్చి చూస్తే

పెద్ద సంఖ్యలు చాలా ఉన్నాయి. దీని ప్రత్యేకత దీని లోపలి కట్టడంలో ఉంది. దీన్ని ప్రధాన సంఖ్యలుగా విడగొడితే ఏడు ముక్కలవుతుంది: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏ ముక్కా రెండుసార్లు రాదు. అందువల్ల దీనికి సరిగ్గా 128 భాజకాలు. రెండుని ఏడుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది. రెట్టింపుతో పుట్టిన సంఖ్య కదా, భాజకాల లెక్కలోనూ ఆ పోలిక వచ్చింది.

3, 5, 17, 257, 65,537. వీటిలో ఒక వరుస ఉంది. 2, 4, 16, 256, 65,536 అని పైన ఎక్కిన మెట్లకే ఒకటి చొప్పున కలిపి చూడండి. ఈ వరుసలో వచ్చే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని 1640లో ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ ద ఫెర్మా ఊహించాడు. ఆయన వృత్తికి న్యాయ రంగంవాడు, తీరిక వేళల్లో లెక్కలు. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. దాన్ని చీల్చడం ఫెర్మా వల్ల కాలేదు. చీలదని అనుకున్నాడు.

తొంభై ఏళ్లు గడిచాయి. 1732లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న లియోనార్డ్ ఆయిలర్ దాన్ని చీల్చి చూపాడు: 641 × 67,00,417. ఆయన గుడ్డిగా వెతకలేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, 64కు ఏదో గుణిజానికి ఒకటి కలిపినట్టు ఉండి తీరాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే దొరికింది. 64ను పదితో గుణించి ఒకటి కలిపితే 641. చదరంగం గళ్ల సంఖ్యే తాళంచెవి అయింది. ఫెర్మా ఊహ అక్కడితో కూలింది. ఆ వరుసలో మొదటి ఐదు కాక మరో ప్రధాన సంఖ్య ఇప్పటికీ దొరకలేదు.

మన బాకీ సంఖ్య ఈ ఆరు సంఖ్యల లబ్ధమే: 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297. ఫెర్మా నెగ్గిన ఐదూ, ఓడిన ఒకటీ ఇందులోనే ఉన్నాయి.

1796లో పద్దెనిమిదేళ్ల జర్మన్ కుర్రాడు కార్ల్ ఫ్రెడరిక్ గౌస్ ఈ సంఖ్యలకు మరో పని కనిపెట్టాడు. వృత్తలేఖిని, గీతలు లేని బద్ద మాత్రమే వాడి పదిహేడు భుజాల సమబహుభుజిని గీయొచ్చని నిరూపించాడు. గ్రీకుల కాలం నుంచీ ఎవరికీ తట్టని సంగతి అది. ఫెర్మా ప్రధాన సంఖ్యల్ని ఒక్కోదాన్ని ఒక్కసారే వాడుతూ గుణించగా వచ్చే బేసి సంఖ్యలకు మాత్రమే ఆ భాగ్యం ఉంది. తెలిసినవి ఐదే కాబట్టి అలాంటి బేసి సంఖ్యలు ముప్పై ఒకటి. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఐదింటి లబ్ధం, అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. ఈ అంకెలు ఎక్కడో చూసినట్టుందా? సగం బల్ల నిండేసరికి, పది లారీల దగ్గర, మనం లెక్కపెట్టిన గింజలే.

ఇంకో సరదా. గడిగడికీ ఆగి అప్పటివరకూ పోసిన మొత్తం చూసుకుంటూ పోతే, అరవై నాలుగు గళ్లలో తొమ్మిది చోట్ల మాత్రమే అది ప్రధాన సంఖ్య అవుతుంది: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61వ గళ్ల దగ్గర. అక్కడ ఆగితే బియ్యాన్ని ఎవరికీ సమానంగా పంచలేరు, గింజకొకరు చొప్పున పంచితే తప్ప. ముప్పై ఒకటో గడి సంగతి తేల్చింది ఆయిలరే, 1772లో. అరవై ఒకటో గడిది 1883లో తేల్చినవాడు ఇవాన్ పెర్వూషిన్, రష్యాలో ఒక పల్లెటూరి చర్చి పూజారి. ఈ తొమ్మిది చోట్లా ఆ మొత్తాన్ని ఆ గడిలోని గింజలతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య పుడుతుంది. తనను మినహాయించి తన భాజకాలన్నీ కూడితే తానే వచ్చే సంఖ్య. రెండో గడి దగ్గర మూడు రెళ్లు 6. ఒకటి, రెండు, మూడు కలిపితే ఆరే కదా. మూడో గడి దగ్గర ఏడు నాలుగులు 28.

కాశీలో, కంప్యూటర్లో

1883లోనే ఫ్రాన్స్‌లో ఎదువార్ ల్యూకా అనే గణితవేత్త ఒక ఆటబొమ్మను బజారులోకి తెచ్చాడు. మూడు కడ్డీలు, ఒకదానిమీద ఒకటి పేర్చిన బిళ్లలు. పెద్ద బిళ్లను చిన్నదాని మీద పెట్టకుండా, ఒక్కొక్కటే తీస్తూ అన్నిటినీ ఇంకో కడ్డీకి చేర్చాలి. అమ్మకానికి ఓ కథ కూడా అల్లారు. కాశీలో ఒక గుడి ఉందట, అందులో అరవై నాలుగు బంగారు బిళ్లలున్నాయట, పూజారులు రేయింబవళ్లు వాటిని మారుస్తున్నారట, పని పూర్తయిన రోజున లోకం అంతమవుతుందట. అలాంటి గుడి కాశీలో లేదు. లెక్క మాత్రం నిజం. అరవై నాలుగు బిళ్లలు మార్చడానికి కావలసిన ఎత్తులు మన బాకీ గింజలన్నే, ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. సెకనుకు ఒక ఎత్తు వేసినా 58 వేల కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లే.

మీ జేబులో ఉన్న ఫోనుకీ ఈ సంఖ్య తెలుసు. అరవై నాలుగు బిట్ల యంత్రం అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే అరవై నాలుగు గళ్లు. అన్నిటిలో ఒకటి పెడితే వచ్చే సంఖ్య ఇదే. అంతకు మించి ఆ గళ్లలో పట్టదు. ధన, రుణ గుర్తు కోసం ఒక గడి వదిలేస్తే పట్టే పెద్ద సంఖ్య అరవై మూడో గడి దాకా పోసిన బియ్యం: 92,23,37,20,36,85,47,75,807. 2014 డిసెంబరులో ‘గంగ్‌నమ్ స్టైల్’ పాట చూసినవారి లెక్క 214 కోట్లు దాటడంతో యూట్యూబ్ పాత మీటరు చాలక, ఈ కొత్త హద్దుకు మార్చుకుంది. ఆ పాత హద్దు ముప్పై ఒకటో గడి దాకా పోసిన బియ్యం. ఆయిలర్ ప్రధాన సంఖ్యని తేల్చిన మొత్తమే అది.

వెళ్లాలంటే

విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడల మీదుగా అలప్పుళ వరకూ వెళ్లే ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అక్కడి నుంచి బస్సులో అరగంట. అంబలప్పుళకు సొంత రైల్వేస్టేషనూ ఉంది, ఎర్నాకుళం – కాయంకుళం తీర మార్గంలో. శబరిమల నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒక పూట కలుపుకుంటే సరిపోతుంది. గుడిలోకి మగవాళ్లు చొక్కా విప్పి, పంచెతో వెళ్లాలి. పాయసం అందరికీ దొరుకుతుందన్న హామీ లేదు, పొద్దున్నే వెళ్లి కనుక్కోవడం మేలు. దొరికితే ఆకలితో ఉన్నప్పుడే తినండి.

తింటూ ఒక్క లెక్క వేసుకోండి. రాజు వంశం పోయింది, రాజ్యం పోయింది, బాకీ గుడికి మిగిలింది. రోజుకు ఒక క్వింటాలు బియ్యం చొప్పున తీరుస్తూ పోతే ఎన్నాళ్లు పడుతుంది? 1,260 కోట్ల ఏళ్లు. విశ్వం పుట్టిన రోజున పొయ్యి వెలిగించి, ఒక్క పూట కూడా ఆపకుండా పాయసం వండి ఉంటే, బాకీ తీరి ఇప్పటికి నూట ఇరవై కోట్ల ఏళ్లు అయ్యుండేది.